ఉత్తిదే అనే దాకా

కుట్టుకొట్టు,
మధ్యాహ్నం, కరెంటు లేదు

ఒరేయ్ కొలబద్దా,

నీకు ఫోను చేసి చేసి నా చూపుడువేలు అరిగిపోయింది. డాక్టరు చూసి, ఇక లాభం లేదు తీసేద్దామన్నాడు. ఉత్తిదే. వేలు బాగానే ఉంది, నేనే బాగాలేను. ఫోనులో వింటే మాట ఒకచోట, అర్థం ఇంకోచోట ఉన్నట్టుంటుందని నువ్వే అన్నావు కాబట్టి, పదో తరగతి గట్టెక్కని నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. తప్పులుంటే దిద్దుకో. దిద్ది నాకు తిరిగి మాత్రం పంపకు. పోయినసారి ఆ ఘనకార్యమే చేశావు.

మీ సూపర్‌వైజరు ఫోను చేశాడు. ఇస్త్రీ రోలరు దగ్గర ప్రమాదం జరిగిందని, నీతో జతగా పనిచేసే నీ జోడీ పోయాడని చెప్పాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట మనుషులు పోతారని నేనెన్నడూ అనుకోలేదు. ఆయన మాత్రం ఆగలేదు, అసలు సంగతి అప్పుడు ఎత్తుకున్నాడు. అంబులెన్సు వెళ్లాక అందరూ గోడలకి తలలు ఆనించి ఏడుస్తుంటే, నువ్వు బండిలో మిగిలిన దుప్పట్లు మడతపెడుతూ ఉన్నావట. "మీ తమ్ముడు మనిషా, రాయా అమ్మా?" అని నన్నే అడిగాడు. రాయైతే మీ బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవారు కదా, ఇన్నేళ్లూ జీతం దేనికిచ్చారని అడిగాను. ఫోను పెట్టేశాడు.

నువ్వు ఎందుకు మడిచావో నేను అడగను. ఎలా ఉన్నావో మాత్రం రాయి. నేను ఇక్కడ రాజ్యాలేలుతున్నాను, బావ నాకు వింజామర వీస్తున్నాడు. ఉత్తిదే. బావ గురక పెడుతున్నాడు.

చూశావా, మన ఒప్పందం తప్పడం లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకులో తిమింగలం పడిందని నేనంటే నువ్వు చెప్పుల్లేకుండా పరిగెత్తి, మెట్ల మీద పడి మోకాలు చీరుకున్నావు. వేళాకోళం ఆడితే చివర ఉత్తిదే అనాలని అమ్మ ఆ రోజు తీర్పు చెప్పింది. వేళాకోళం ఆడకపోతే నాకు అన్నం సయించదు, ఆ మాట అనకపోతే నీకు నిద్ర పట్టదు.

జవాబు రాయి.

అక్క


నా గది,
కిటికీ పక్క బల్ల

అక్కా,

నీ ఉత్తరం అందింది. తప్పులు దిద్దాను. తిరిగి పంపడం లేదు.

నేను బాగున్నాను. ఉత్తిదే.

ఆ మాట నేను రాయడం ఇదే మొదటిసారి. సరిగ్గా వాడానో లేదో తెలియదు. బాగాలేనని నేరుగా రాయబోతే చెయ్యి కదల్లేదు. ముందు అబద్ధం రాసి, పక్కన ఆ మాట పెడితే కదిలింది.

ప్రమాదం తర్వాత కొన్నాళ్లు నాకు మాట రాలేదు. మాట్లాడాలనిపించకపోవడం కాదు. మాటలు ఉన్నాయి, నోటి దాకా దారి లేదు. దుకాణంలో చీటీ రాసి చూపించాను. మూగవాడు అనుకుని దుకాణదారు గట్టిగా అరిచి మాట్లాడాడు.

టీ కాచుకోవడం మానేశాను. నీళ్లు మరిగే చప్పుడు, రోలరు ఆవిరి వదిలే చప్పుడు నాకు ఒకటే. వినగానే నేను ఈ గదిలో ఉండను, అక్కడ ఉంటాను. గుర్తు రావడం కాదు, ఉండడం. మళ్లీ ఇక్కడికి వచ్చేసరికి బల్ల కింద ఉంటాను. బల్ల కింద బాగానే ఉంటుంది, చెక్క వాసన వస్తుంది.

లాండ్రీ వాళ్లు ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ముఖాల బొమ్మలున్న అట్ట చూపించి, నీ బాధ ఇందులో ఏ ముఖంలా ఉందో వేలు పెట్టమంది. నా బాధకి ముఖం లేదు, అది మెడ వెనక ఉంది అన్నాను. ఆమె అట్ట సొరుగులో పెట్టేసింది. అది నాకు నచ్చింది. ఆటిజం ఉన్నవాళ్లలో ఇలాంటి దెబ్బ బయటికి వేరేలా కనిపిస్తుందని, చూసేవాళ్లకి దెబ్బ తగలనట్టే ఉంటుందని చెప్పింది.

దుప్పట్లు ఎందుకు మడిచానని నువ్వు అడగనన్నావు కాబట్టి చెప్తున్నాను. ఆ బండి మేమిద్దరం మొదలుపెట్టాం. పని మధ్యలో వదిలేస్తే జోడీకి నచ్చదు. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. రెండు కొసలు పైపుకి ముడివేసి, మిగిలిన రెండు కొసలు పట్టుకుని మడిచాను. అంచులు కలవలేదు. అందుకని మళ్లీ మళ్లీ మడిచాను.

జోడీ భార్య ఆదివారం భోజనానికి రమ్మని కబురు పంపింది. వదిన అని పిలుస్తాను ఆవిడని. అక్కడ ఏం మాట్లాడాలో తెలియదు. వెళ్లాలా?

తమ్ముడు


కుట్టుకొట్టు,
గిరాకీలు వచ్చేలోపు

ఒరేయ్ కొలబద్దా,

నీ ఉత్తరం చదివాక స్కూలు చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాను. ఇది నిజం. ఆ పిల్ల తల్లి వచ్చి నన్ను దులిపేసింది. నేను తిరిగి ఒక్క మాట అనలేదు. వీధంతా వింత చూసినట్టు చూసింది.

బాగున్నాను, ఉత్తిదే అని రాశావు చూడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట వాడుతున్నాను, ఒక్కసారైనా దానితో అంత పని చేయించుకోలేదు. సరిగ్గానే వాడావురా. నీకంటే సరిగ్గా ఎవరూ వాడలేరు.

చెవుల మీదికి దిగే టోపీ ఒకటి కుట్టి పంపుతున్నాను. లోపల దూది రెండు పొరలు వేశాను. కుట్లన్నీ పైకి పెట్టాను, నీ మెడకి గుచ్చుకోవు. పెట్టుకుంటే అచ్చం కోతిలా ఉంటావు. ఉత్తిదే అందామనుకున్నాను గానీ, బావ పెట్టుకుని చూశాడు, కోతిలాగే ఉన్నాడు. కాబట్టి అనడం లేదు. టీ మాత్రం మానకు. కింద అంగట్లో ఫ్లాస్కులో పోయించుకో.

వదిన ఇంటికి వెళ్లు. ఏం మాట్లాడాలో తెలియకపోతే మాట్లాడకు. చావింట్లో మాట్లాడేవాళ్లకి కరువేమీ ఉండదు.

నీ జోడీని తలచుకుంటున్నాను. మీ లాండ్రీ చూడ్డానికి వచ్చినప్పుడు, ఆడవాళ్లు లోపలికొస్తే రోలరు సిగ్గుపడి ఆగిపోతుందని నాకే కథ చెప్పాడు. వీడు నా జాతివాడు అనుకున్నాను. పక్కకి పిలిచి, మా తమ్ముడితో పరాచికాలాడితే చివర ఉత్తిదే అనాలి, మా ఇంటి చట్టం ఇది అని చెప్పాను. "చట్టం తప్పనక్కా" అన్నాడు. తప్పలేదని నువ్వే చెప్పావు తర్వాత. నేను లేనిచోట నాలాంటివాడు ఒకడు నీకు దొరికాడని ఆ రోజు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్నాయన లేచి వేరే సీటుకి వెళ్లిపోయాడు.

అక్క


నా గది,
బల్ల కింద కాదు, బల్ల మీద

అక్కా,

టోపీ సరిపోయింది. అద్దంలో చూశాను. కోతికి చెవులు బయటికి ఉంటాయి, కాబట్టి పోలిక తప్పు.

వదిన ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆదివారాలన్నీ వెళ్తున్నాను. మొదటి రోజు కుక్కరు కూత పెట్టగానే నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను. ఆవిడ పొయ్యి ఆపేసింది. ఆ తర్వాత నుంచి నేను వెళ్లేసరికే వంట అయిపోయి ఉంటుంది. నాకు గోడ పక్క కుర్చీ. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తుంది, నేనూ వలుస్తాను.

ఎవరెవరో వస్తుంటారు. జోడీ దేవుడని, అలాంటి మనిషి మళ్లీ పుట్టడని చెప్పి వెళ్తారు. ఆవిడ గోడకేసి చూస్తుంది. ఒకసారి వాళ్లు వెళ్లాక, "అందరూ ఓదార్చి పోతున్నారు, మీరొక్కరే కూర్చుంటున్నారు. మీరొస్తే నాకు కాస్త ఊపిరి ఆడుతుంది" అంది. నాకూ అక్కడే ఊపిరి ఆడుతుంది. ఆ ఇంట్లో ఉన్నంతసేపు మెడ వెనక ఏమీ ఉండదు.

పోయిన ఆదివారం ఆవిడ అడిగింది, ఆఖరున ఆయన ఏమన్నారు అని. ఆపు అన్నాడు అని చెప్పాను. "మీరు ఆపారు కదా" అంది. నేను లేచి వచ్చేశాను. అన్నం సగంలో ఉంది.

నీకు ఒక విషయం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

తడి దుప్పటిని జోడీ అటువైపు నుంచి రోలర్ల మధ్యకి అందిస్తాడు. ఆరిన దుప్పటిని ఇటువైపు నేను అందుకుంటాను. యంత్రం ఆపే పిడి నా వైపు ఉంటుంది. విసుగొచ్చినప్పుడు జోడీ "ఆపు" అని అరుస్తాడు. నేను పిడి మీద చెయ్యి వేస్తాను. అప్పుడు "ఉత్తిదే" అంటాడు. అందరూ నవ్వుతారు. కాసేపాగి నేనూ నవ్వుతాను. నాకు ఆ ఆట ఇష్టం. మొదట్లో అరవగానే లాగేసేవాణ్ణి. యంత్రం ఆగితే మళ్లీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుందని సూపర్‌వైజరు తిట్టేవాడు. అందుకని పిడి మీద చెయ్యి వేసి, ఆ మాట కోసం ఆగడం నేర్చుకున్నాను.

ఆ రోజు ఆపు అన్నాడు. నేను పిడి మీద చెయ్యి వేశాను. ఉత్తిదే అనే దాకా ఆగాను. అనలేదు. అప్పుడు లాగాను.

ఎంతసేపు ఆగానో నాకు తెలుసు. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు.

వదినకి చెప్పాలి.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

చెప్పకు.

ఆపు అన్నాడు, ఆపావు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. మధ్యలో ఎంతసేపని ఆవిడ అడగలేదు. అడగనిదానికి జవాబు మోసుకెళ్లాల్సిన పని నీకు లేదు. రోలరు ముందు రేకు అడ్డు ఉండాలని, పని జోరుగా సాగడం లేదని దాన్ని పీకేశారని నువ్వే ఒకప్పుడు చెప్పావు. పీకించినవాడు రోజూ తల దువ్వుకుని ఆఫీసుకొస్తున్నాడు. ఆవిడ గుమ్మంలోకి వెళ్లి నిలబడాలని వాడికి తోచలేదే? నీకే ఎందుకు తోచాలి?

నీకు కూర్చోవడానికి ఊళ్లో ఉన్నది ఆ ఒక్క కుర్చీ. దాన్ని నీ చేతులతో నువ్వే లాగేసుకోకు. నా మాట విను.

ఆ మాట అతనికి నేర్పింది నేను. ఇంతకంటే రాయలేను.

అక్క


నా గది

అక్కా,

నీ ఉత్తరంలో వేళాకోళం ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను. జ్వరమా?

నువ్వు ఆ మాట నేర్పావు కాబట్టే జోడీ నాతో పరాచికాలాడాడు. అంతకుముందు లాండ్రీలో నాతో ఎవరూ ఆడలేదు. నా మీద ఆడేవాళ్లు. ఆ తేడా నాకు తెలుస్తుంది.

డాక్టరమ్మకి చెప్పాను. యంత్రాన్ని పరీక్ష చేసిన ఇంజనీరుతో ఆమె మాట్లాడింది. అడ్డు లేని రోలరు చెయ్యి దొరికించుకుంటే, మనిషి నోట్లోంచి అరుపు వచ్చేలోపే లాగేస్తుందట. వెంటనే పిడి లాగినా ఇంతే జరిగేదని ఆయన అన్నాడట. ఇది వింటే మీకు ఊరట కలగాలి అంది. కలగలేదు. అది రోలరు గురించి. నేను చెప్పాల్సింది నా గురించి.

ఆదివారం వెళ్లాను. పోయినసారి అన్నం మధ్యలో ఎందుకు లేచారని ఆవిడ అడగలేదు. మళ్లీ పెట్టింది, పైగా నాకు కూర ఎక్కువ వేసింది. వెంటనే ఆపినవాడనుకుని ఆవిడ వడ్డిస్తోంది, ఆ మనిషి ఆ కుర్చీలో లేడు. ఇప్పుడు ఆ ఇంట్లో కూడా మెడ వెనక మొదలైంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా నీళ్లు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఒక సంగతి కడుపులో పెట్టుకుని దాని పక్కనే ఇంకో మాట మాట్లాడడం నీకు వచ్చు. చాలామందికి వచ్చు. నాకు రాదు. చెప్పకపోయినా ఆ కుర్చీ నాది కాదు, చెప్పినా కాదు. రెండోదాంట్లో కనీసం ఆవిడకి తెలుస్తుంది.

వచ్చే ఆదివారం చెప్తాను.

తమ్ముడు


కుట్టుకొట్టు,
తలుపు వేసుకుని

ఒరేయ్ కొలబద్దా,

నాకు జ్వరం లేదు. మిషను తొక్కబుద్ధి కాక పడుకుంటే, బావ జబ్బనుకుని తనే వంట చేశాడు. అది తిన్నాక నిజంగానే జబ్బు పడ్డాను. ఇక్కడ ఆ మాట రాయాలి. పెన్ను అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది. అందుకని విడమరిచి చెప్తున్నాను, వంట అంత ఘోరంగా లేదు, నేను కావాలని అన్నాను. ఇలా విడమరిస్తే వేళాకోళం ఎంత చప్పగా ఉంటుందో చూశావా.

చెప్పొద్దన్నది నీ కోసమే అనుకున్నాను. కాదులే. ఆవిడకి తెలిస్తే నా సంగతీ తెలుస్తుందని. ఎవరో దర్జీ మనిషి, ఒక పూట లాండ్రీ చూడ్డానికొచ్చి, తన ఇంటి చట్టం అక్కడ పెట్టి పోయిందని ఆవిడ నన్ను తలచుకుంటుందని. ఇన్నాళ్లూ జనాన్ని ఆటపట్టించి బతికినదాన్ని, ఒక మనిషి కళ్లలో పడ్డానికి ఇంత భయపడతానని నాకే తెలియదు.

చెప్పు. కూర్చుని చెప్పు. ఆవిడ చేతిలో వేడిగిన్నె ఉన్నప్పుడు మొదలుపెట్టకు. ఇంజనీరు మాట ముందు చెప్పకు, సాకులా ఉంటుంది. ఆవిడ అడిగితేనే చెప్పు. ఆ మాట నేర్పింది మా అక్క అని కూడా చెప్పు, తిట్టాలనిపిస్తే నా చిరునామా ఇవ్వు. తిట్లు తినడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఆవిడ తలుపు వేసేస్తే, వేసిన తలుపు ముందు నిలబడకు. ఇంటికి వచ్చెయ్.

నేను రానా? చెప్పకుండా వస్తే నీకు ఆ రోజంతా పాడైపోతుందని తెలుసు, అందుకే అడుగుతున్నాను. సంచి సర్దేసి మంచం కింద పెట్టాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

అక్క


నా గది,
వాన వెలిశాక

అక్కా,

జవాబు ఆలస్యమైంది. అయ్యేదాకా రాయకూడదనుకున్నాను. ఇప్పటికీ అయిందో లేదో తెలియదు.

ఆ ఆదివారం చెప్పాను. కూర్చునే చెప్పాను. నీకు రాసినట్టే, అవే మాటల్లో. ఆవిడ చేతిలో గిన్నె లేదు. విన్నాక, "అలా అరవడం రోజూ ఉండేదా?" అని అడిగింది. రోజూ కాదు, విసుగొచ్చినప్పుడు అన్నాను. ఆవిడ లేచి నిలబడింది. "వెళ్లండి" అంది. నీ సంగతి, చిరునామా చెప్పడానికి వ్యవధి లేదు.

తర్వాతి ఆదివారం వెళ్లాను. తలుపు వేసి ఉంది, లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. నువ్వు చెప్పినట్టు నిలబడలేదు. ఆ తర్వాత వెళ్లలేదు.

ఈ మధ్యలో డాక్టరమ్మ నన్ను లాండ్రీ గేటు దాకా తీసుకెళ్లింది. ఇంకోసారి దుప్పట్లు ఆరేసే పెరడు దాకా. యంత్రం ఉన్న గదిలోకి వెళ్లలేదు. ఎప్పటికైనా వెళ్లాలా అని అడిగాను. వెళ్లకపోయినా పరవాలేదు, పని చాలాచోట్ల ఉంటుంది అంది. అది విని టోపీ తీశాను.

నిన్న వదిన వచ్చింది. గదిలోకి రమ్మంటే రాలేదు, బయట మెట్ల మీద కూర్చుంది. నేను రెండు మెట్లు కింద కూర్చున్నాను. మిగతా రోజుల్లో ఆయన ఏం చేసేవారో చెప్పండి అంది.

నాకు గుర్తున్నవన్నీ చెప్పాను. సూపర్‌వైజరు కోటు మడిచి దుప్పట్ల బండిలో ఆసుపత్రికి పంపేసినది చెప్పాను. కొత్తగా చేరినవాళ్లకి రోలరుని పరిచయం చేసి నమస్కారం పెట్టించేవాడని చెప్పాను. ఆవిరి ఎక్కువై ఎవరూ కనిపించకపోతే, మనం పోయాం, ఇది స్వర్గం, ఇక్కడా దుప్పట్లే అనేవాడని, వెంటనే నా వైపు తిరిగి ఉత్తిదే అనేవాడని చెప్పాను. కలిపి ఏమీ చెప్పలేదు.

ఆవిడ నవ్వలేదు. "ఇంట్లో ఆయన నోరు విప్పేవారు కాదు. అలసిపోయి వచ్చి తిని పడుకునేవారు. నేనే ఏదో ఒకటి వాగుతూ ఉండేదాన్ని. మీరు చెప్పే మనిషిని నేను ఒక్కరోజు కూడా చూడలేదు" అంది.

నేను చూశాను అన్నాను. అది తప్పు మాటేమో. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అడిగింది, మీరు ఆగకుండా లాగి ఉంటే బతికేవారా అని. బతికేవాడు కాదని ఇంజనీరు అన్నాడు, నాకు తెలియదు అన్నాను.

"నాకు మీ మీద కోపంగా ఉంది. ఆయన మీద కూడా ఉంది. అడగడానికి ఆయన లేరు, మీరున్నారు. ఈ కోపం పోతుందో లేదో చెప్పలేను" అంది. సరే అన్నాను. కోపం ఉండగా రావచ్చా అని అడిగాను. ఆవిడ లేచి చీర దులుపుకుంది. "కొన్నాళ్లు ఆగండి. కబురు చేస్తాను" అంది. చెయ్యకపోవచ్చు కూడా అని తనే మళ్లీ అంది.

ఎన్నాళ్లని అడగాలని నోటి దాకా వచ్చింది. ఆవిడకీ తెలియదని అనిపించింది. అడగలేదు.

నువ్వు వస్తానన్నావు కదా. రా. గది చిన్నది, చాప ఉంది. పొద్దున బస్సుకి బయల్దేరు, ఏ రోజు వస్తున్నావో ముందు రాయి. ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు కబురు రావచ్చు.

తమ్ముడు